నీళ్లకిచ్చిన నవ్వుల బైండు

అడక్కుండా ఏ పనీ చెయ్యకు అని ఫాతిమా కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే అత్తగారు మదీనాబీ చెప్పింది. చెప్పింది ఒక్కసారే గాని, చెప్పిన తీరు అలాంటిది. దాంతో ఫాతిమా అన్నీ అడిగేది. కూరలో ఉప్పెంత అని అడిగేది, నీళ్ల బిందె ఎక్కడ దించాలని అడిగేది, పిల్లి పాలగిన్నెలో మూతి పెడుతుంటే తోలనా అత్తా అని కూడా అడిగేది. ఈలోగా పాలు పోయేవి, అది వేరే సంగతి. అన్నీ అడిగే పిల్ల ఆ రోజు ఒక్కటి మాత్రం అడగలేదు.

వాళ్లది అనకాపల్లిలో కాగితం సంచులు అంటించే ఇల్లు. పాత పేపర్లు తూకానికి కొని, మైదా జిగురుతో సంచులు అంటించి, ఎండబెట్టి, బెల్లం కొట్లకీ కిరాణా కొట్లకీ వేస్తారు. కట్ట విప్పగానే ముందు కాగితాలు వేరు చెయ్యాలి. దళసరివి పెద్ద సంచులకి, పల్చనివి చిన్న పొట్లాలకి. ఈ రెండిట్లోకీ వెళ్లనివి అరబ్బీ, ఉర్దూ అక్షరాలున్న కాగితాలు. అవి సంచులు కాకూడదు. వాటిలో ఎవడో ఎండుచేపలు కట్టించుకుపోయి, కాగితాన్ని మురిక్కాలువలో విసిరేస్తే అల్లా పేరున్న అక్షరం కాళ్ల కింద పడుతుంది. అందుకని అలాంటిది కనబడగానే కళ్లకద్దుకుని, గోడకి వేలాడే తెల్లగుడ్డ సంచిలో వేస్తారు. అది నిండాక, మసీదు బాగోగులు చూసే అబ్దుల్ సత్తార్ పట్టుకెళ్లి, రాయి కట్టి, శారదా నదిలో లోతు చూసి వదులుతాడు.

అది అరవై అయిదో సంవత్సరం డిసెంబరు. రంజాను దగ్గరపడింది. కట్టల్లో వచ్చే పేపర్ల నిండా ఇంకా మొన్నటి యుద్ధం వార్తలే. కాని ఆ పూట ఆ ఇంట్లో హడావుడి రంజానుదీ కాదు, యుద్ధానిదీ కాదు, మావగారిది. సైదా సాహెబ్‌కి రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి చూపు పోయి చాలా కాలమైంది. కొడుకు ఉస్మాన్ పెళ్లి కూడా ఆయన చెవులతోనే చూశాడు. కోడలి గొంతు తెలుసు, మొహం తెలియదు. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుని వచ్చాడు. పుళ్లు మానాయి. ఇవాళ కళ్లజోడు ఇస్తామన్నారు. తండ్రీ కొడుకూ తెల్లవారి రైలెక్కారు, సాయంకాలం పాసింజరుకి వస్తారు.

వెళ్తూ గుమ్మంలో నిలబడి ఆయన భార్యతో అన్న మాట వీధంతా విన్నది.

"మదీనా, నా బైండు తీసి ఉంచు. జోడు పెట్టుకుని ఇంటికొచ్చేక మొట్టమొదట చదివేది అదే."

ఆ బైండు కథ ఫాతిమా పెళ్లయిన నాటి నుంచీ వింటూనే ఉంది. తెల్లదొరలున్న రోజుల్లో సైదా సాహెబ్ వాల్తేరులో ఒక రైల్వే దొర బంగళాలో వంటవాడు. ఆ దొర కొడుక్కి సీమ నుంచి ఓడ మీద పిల్లల నవ్వుల పేపర్లు వచ్చేవి. పేజీ నిండా గళ్లు, గడికో బొమ్మ. అల్లరి పిల్లాడు, వాడి కుక్క, దాని వెనక ఈల ఊదుకుంటూ పరిగెత్తే లావుపాటి పోలీసు. చిన్నదొర వరండాలో బోర్లా పడుకుని కాళ్లాడిస్తూ చదివేవాడు. పాలగ్లాసు పట్టుకుని వెనక నిలబడ్డ వంటవాడు మెడ సాచి చూసేవాడు. పాలు చల్లారిపోయేవి, ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వేవారు. దొరలు సీమకి వెళ్లిపోతూ ఆ కట్ట వంటవాడికి వదిలేశారు. సైదా సాహెబ్ దాన్ని బైండు కట్టించాడు. ఇంగ్లీషు రాదు కదా, అయినా ప్రతి పేజీ అంచునా ఆ బొమ్మల్లోవాళ్లు ఏమనుకుంటున్నారో తన సొంతంగా ఉర్దూలో రాసుకున్నాడు. అల్లరి పిల్లాడికి ఉస్మాన్ అని తన కొడుకు పేరే పెట్టాడు. దీపాలు పెట్టే వేళకి వీధిలో పిల్లలందరినీ పోగేసి చదివి వినిపించేవాడు.

ఆ కథలన్నిటికీ రెండే ముగింపులు. ఆఖరి గడిలో తండ్రి ఆ పిల్లాడిని ఒళ్లో బోర్లా వేసుకుని చెప్పుతో వాయిస్తాడు. లేదంటే వాడు చేసిన వెధవ పనే ఎవరికో మేలు చేస్తుంది, వాడి ముందుకి పళ్లెం వస్తుంది. పళ్లెంలో ఉడికించి మెదిపిన బంగాళాదుంపల కొండ, దాని నిండా గుచ్చిన మాంసం కడ్డీలు. సైదా సాహెబ్ ఆఖరి గడి మీద అరచెయ్యి కప్పి, "చెప్పా, కొండా?" అని అడిగేవాడు. పిల్లలు గొంతు చించుకుని అరిచేవారు. ఆ పిల్లలు ఇప్పుడు మీసాలొచ్చి, పెళ్లిళ్లయి, కొట్లు పెట్టుకున్నా, ఎవడైనా తప్పు చేసి దొరికితే వీధిలో ఇప్పటికీ అదే ప్రశ్న. దొరల ఇంట్లో ఆ కడ్డీలు ఏ మాంసంతో చేసేవారో వంటవాడికి తెలుసు. అందుకే తన ఇంట్లో పండగ పూట కొండ చేస్తే కైమా కబాబులు గుచ్చేవాడు.

ఇంత విన్నా ఫాతిమా బైండుని ఎన్నడూ చూడలేదు. అది ట్రంకుపెట్టెలో ఉండేది. సీమ నుంచి వచ్చింది, దొరల ఇంటిది అంటే, బంగారు అంచుల పుస్తకమేదో అనుకుంది పాపం.

ఆ పొద్దున్న మదీనాబీ దాన్ని తీసి, కలరా ఉండల వాసన పోవాలని పెరట్లో మంచం మీద ఎండలో పెట్టింది. పక్కనే పాత పేపర్ల కట్టలు. మధ్యాహ్నం దుంపలూ కైమా తేవడానికి ఆవిడ బజారుకెళ్లింది. బైండు సంగతి కోడలికి చెప్పలేదు. ఇంట్లో అందరికీ తెలిసిన వస్తువు గురించి చెప్పాలని ఎవరికి తోస్తుంది?

ఫాతిమా కట్టలు విప్పుతుంటే మంచం మీద అట్ట ఊడిపోయి, చెదలు కొరికిన పుస్తకం ఒకటి కనబడింది. తెరిచింది. లాగు చిరిగిన పోలీసు, నోట్లో మాంసం దండతో కుక్క, ఆ కుక్క చుట్టూ మన అక్షరాలు! ఆమెకి ఖురాను వల్లించడం వచ్చు గాని ఉర్దూ చేతిరాత చదవడం రాదు. అయితే ఏం, అక్షరం అక్షరమే. ఏ పాపాత్ముడు ఇలాంటి బొమ్మల మధ్య ఈ అక్షరాలు రాశాడో అని ఒళ్లు జలదరించింది. గబగబా కళ్లకద్దుకుని తెల్ల సంచిలో వేసింది. సరిగ్గా అప్పుడే వీధి తలుపు దగ్గర సత్తార్ దగ్గు వినిపించింది. పరదా వెనక నుంచి సంచి అందించింది.

"ఈసారి బరువుగా ఉందేటమ్మా?"

"కొత్త కట్ట వచ్చింది చాచా."

మంచి పని చేశానన్న తృప్తితో జిగురు కలుపుకుంటూ కూర్చుంది. మదీనాబీ వచ్చి దుంపల బుట్ట దించింది.

"మంచం మీద ఎండకెట్టిన మీ మావగారి బైండు లోపల పెట్టేవా?"

ఫాతిమా ఖాళీ మంచం కేసి చూసింది. నిజం చెప్పేయాలనే నోరు తెరిచింది. తీరా బయటికొచ్చిన మాట వేరు.

"పెట్టేను అత్తా."

మదీనాబీ తల ఊపి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఒక్క మాటకి ఇంత బరువుంటుందని ఫాతిమాకి అప్పుడే తెలిసింది. మావగారు చీకట్లో గడిపిన రోజులన్నీ ఆ పుస్తకం పేరే తలుచుకున్నాడు. దాన్ని ఆమె తన చేత్తో నీళ్లకిచ్చింది.

బెల్లం కొట్టుకి సంచులు పట్టుకెళ్లే అప్పలనర్సమ్మ అప్పుడే పెరటి దారిన వచ్చింది. తుమ్మపాల మనిషి, గొంతూ పెద్దదే, మనసూ పెద్దదే. ఫాతిమా మొహం చూసి దగ్గరికొచ్చింది. ఫాతిమా గుసగుసగా ఉన్నదంతా చెప్పేసింది.

"ఓలమ్మో! సత్తారు సాయిబు మా ఊరి రేవుకే ఎల్తన్నాడు సైకిలేసుకుని. దారిలో అగుపించేడు. బుర్కా ఏసుకో, బేగి రా."

"అత్తకి ఏం చెప్పను?"

"నాను సెప్తాను గాని, నువ్వు కదులు." వంటింటి వైపు తిరిగి గొంతెత్తింది. "మదీనమ్మా, సంచుల మోపు పెద్దదైపోనాది, కోడల్ని కూడా తీసుకెల్తన్నా!" అని, జవాబు కోసం ఆగకుండా మోపు నెత్తినెత్తుకుంది.

తుమ్మపాల రోడ్డు చెరుకు బళ్లతో కిక్కిరిసిపోయి ఉంది. పంచదార మిల్లు ఆడే రోజులు. బండి వెనక బండి, ఎద్దు మూతి ముందు బండి చెరుకు చివళ్లలో. మనిషి దూరే సందు లేదు. ఒక బండి ఇరుసు విరిగి అడ్డంగా పడుంది. బళ్లవాళ్లు చుట్టలు కాల్చుకుంటూ తీరుబడిగా కూర్చున్నారు. ఫాతిమా కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ చూసింది. సత్తార్ సైకిలు ఎక్కడా కనబడలేదు. సైకిలైతే బళ్ల పక్క నుంచి ఎప్పుడో జారిపోయి ఉంటుంది.

"గట్టు మీంచి పోదాం పద. కాల్లు జారతాయి, సూసుకో."

సంచుల మోపు తెలిసినవాళ్ల బండి మీద పడేసి ఇద్దరూ చెరుకు తోటల మధ్య గట్ల మీద పరుగు లంకించుకున్నారు. చెరుకాకులు చేతుల్ని కోశాయి. బుర్కా ముళ్లకి పట్టుకుని చిరిగింది. ఫాతిమా రెండుసార్లు పడింది. పడ్డప్పుడల్లా అల్లాకి ఒకటే మొక్కు, సత్తార్ చాచా సైకిలు పంక్చరవ్వాలని. ఒకరి సైకిలు పాడవ్వాలని మొక్కడం తప్పేనేమో గాని ఆ క్షణంలో ఆమెకి అదేం తోచలేదు.

సైకిలు పంక్చరవలేదు. రేవు దగ్గర చెట్టుకి చేరేసి ఉంది. సత్తార్ బండ మీద కూర్చుని తడిసిన లుంగీ పిండుకుంటున్నాడు.

"చాచా, సంచి?"

"ఇచ్చేసేను తల్లీ. ఇప్పుడే నీళ్లకిచ్చేసేను."

ఫాతిమా ఇసకలో కూలబడింది. ఏడుస్తూనే జరిగింది చెప్పింది. సత్తార్ అంతా విని నిదానంగా తలూపాడు. మనిషి మంచివాడే, పట్టుదల మాత్రం ఎక్కువ.

"అల్లా పేరు చెప్పి నీళ్లకిచ్చింది వెనక్కి తియ్యకూడదమ్మా. అది ఇంక మనది కాదు. నా చేత్తో నేను తియ్యను, ఇంకోళ్లని తియ్యనివ్వను."

"ఓలయ్యో!" అప్పలనర్సమ్మ నడుం మీద చేతులేసుకుంది. "ముసిలాయన కల్లొచ్చి ఇంటికొత్తంటే నువ్వు కట్టుబాట్లు సదువుతన్నావేటి? నాను దిగుతాను, ఒగ్గు!"

సత్తార్ అడ్డం నిలబడ్డాడు. అప్పలనర్సమ్మ నోటికి ఊరంతా జడుస్తుంది గాని ఆయన అంగుళం కదల్లేదు. పొద్దు పడమటికి వాలుతోంది. పాసింజరు బయల్దేరే వేళయింది. ఫాతిమా కళ్లు తుడుచుకుంది. ఏం అనాలో ఆమెకి అప్పుడు తట్టింది.

"చాచా, నీళ్లకివ్వాల్సింది పవిత్రమైన రాతనే కదా? ఆ బైండులో ఉన్నది ఖురాను ఆయతు కాదు. మావయ్య రాసిన వేళాకోళం. కుక్క పోలీసు లాగు పీకితే పోలీసు ఏమన్నాడో రాసేడట. దాన్ని ఖురాను కాగితాల్తో కలిపి, ఒకే మూటలో, మీరు దువా చేసి ముంచేరు."

సత్తార్ మొహం పాలిపోయింది.

"కుక్కా? ఖురాను కాగితాల పక్కనా?" రెండు చెంపలూ వాయించుకున్నాడు. "తౌబా, తౌబా!"

అంతే, లుంగీ ఎగ్గట్టి నీళ్లలోకి దూకినంత పని చేశాడు. నడుం దాకా, గుండె దాకా, గెడ్డం దాకా వెళ్లాడు. కాలితో అడుగు తడుముతూ తిరిగాడు. వదిలిన చోట సంచి లేదు. ప్రవాహం లాగేసి ఉంటుంది. ఒక్కసారిగా తల కూడా మునిగిపోయింది. నీళ్ల మీద ఆయన టోపీ ఒక్కటే తేలింది. అప్పలనర్సమ్మ చీర దోపుకుని దిగబోయింది. అప్పుడు లేచాడు సత్తార్, దగ్గుతూ, ఉమ్ముతూ, రెండు చేతులా తెల్ల సంచి ఎత్తి పట్టుకుని.

బైండు తీసి ఫాతిమా చేతిలో పెట్టి, మిగతా కాగితాలకి మళ్లీ రాయి కట్టి, మళ్లీ దువా చేసి, మళ్లీ వదిలి వచ్చాడు. చలికి పళ్లు టకటకలాడుతున్నాయి.

దగ్గర్లోనే అప్పలనర్సమ్మ తమ్ముడు పోతురాజు బెల్లం వండుతున్నాడు. పెనం కింద పొయ్యి భగభగమంటోంది. ముగ్గురూ ఆ సెగ దగ్గర కూర్చుని బైండుని ఆకు ఆకు విడదీసి పట్టుకున్నారు. పోతురాజు ఏమిటని అడగలేదు, అందరికీ తలో గిన్నెడు వేడి పానకం పోశాడు. బొమ్మలు చెక్కుచెదరలేదు. అచ్చు సిరా గట్టిది. పిల్లాడు అలాగే పరిగెత్తుతున్నాడు, కుక్క అలాగే పీకుతోంది. కాని అంచుల్లో సైదా సాహెబ్ కలంతో రాసిన రాత ఒక్క అక్షరం మిగల్లేదు. ప్రతి పేజీ చుట్టూ లేత నీలం మరక, అంతే.

ఫాతిమాకి ఏడుపు కూడా రాలేదు.

"ఊరుకో," అంది అప్పలనర్సమ్మ. "ఎవలికీ సెప్పకు. కోసిన కల్లు, ముసిలి కల్లు. బొమ్మలు అగుపిత్తాయి, సాలు. రాత అగుపించకపోతే సూపు ఆనలేదనుకుంటాడు."

సత్తార్ తడి పేజీ ఒకటి సెగ వైపు తిప్పాడు. "నేనైతే నోరెత్తను. కాని సైదా నన్నడిగితే అబద్ధం చెప్పను" అన్నాడు.

ఆ సలహా ఫాతిమా గట్టిగా పట్టుకుంది. మునిగేవాళ్లు ఏది దొరికితే అది పట్టుకుంటారు కదా. ఇంటికొచ్చి, వంటింట్లో అత్తగారు కబాబులు వేపుతున్న చప్పుడు వింటూ, బైండుని మావగారి మంచం మీద దిండు పక్కన పెట్టేసింది.

"సంచులివ్వడానికి ఇంతసేపా?" లోపల్నుంచి మదీనాబీ గొంతు.

"రోడ్డు నిండా బళ్లు అత్తా." ఇదొక్కటీ నిజం.

దీపాలు పెట్టే వేళకి గుమ్మంలో రిక్షా ఆగింది. ఉస్మాన్ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, సైదా సాహెబ్ తనంతట తనే మెట్లెక్కాడు. ముక్కు మీద సోడాబుడ్డి అడుగు లాంటి జోడు, దాని వెనక ఇంతింత కళ్లు. భార్య ఎదురొస్తే ఆగి పరీక్షగా చూశాడు.

"ముసిల్దానివైపోయేవే మదీనా!"

"నువ్వు కుర్రాడివై తిరిగొచ్చేవు మరి!" అంది ఆవిడ, కొంగుతో కళ్లొత్తుకుంటూ.

అప్పుడు ఫాతిమా వైపు తిరిగాడు. "నువ్వా అమ్మా నా కోడలివి? గొంతు విని లావుగా ఉంటావనుకున్నాను." అందరూ నవ్వారు. ఫాతిమా కూడా నవ్వబోయింది గాని పెదవులు కదల్లేదు.

ఆయన మంచం మీద కూర్చుని బైండు ఒళ్లో పెట్టుకుని, అరచేత్తో నిమిరి తెరిచాడు. "ఇదిగో మా ఉస్మాన్ గాడు! ఇదిగో కుక్క!" అని గొంతు పొంగిపోయింది. అంతలో మాట ఆగింది. పేజీ కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. దూరం పెట్టాడు. ఇంకో పేజీ తిప్పాడు, ఇంకోటి. జోడు తీసి లుంగీ అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఉస్మాన్, దీపం ఒత్తి పెంచు."

ఒత్తి పెంచాడు. సైదా సాహెబ్ చూపుడు వేలు పేజీ అంచు మీద మెల్లగా నడిచి ఆగిపోయింది.

"బొమ్మలు తెలుస్తన్నాయి. రాత తెలవట్లేదురా. అంచంతా నీలంగా మంచు పట్టేసినట్టుంది."

"అలవాటవ్వాలన్నారు కదా అబ్బా."

"ఆసుపత్రిలో గోడ మీద పెద్దక్షరాలు చదివించేరు. చిన్న రాత చదివే చూపు ఇంక రాదన్నమాట." జోడు తీసి మడిచి పెట్టెలో పెట్టాడు. పెట్టె మూత వేశాడు. "పోన్లే. మనుషులు అగుపిస్తన్నారు. చాల్లే."

మదీనాబీ మొహం పక్కకి తిప్పుకుంది. ఉస్మాన్ నేల చూపులు చూస్తున్నాడు. గోడకి ఆనుకుని నిలబడ్డ ఫాతిమాకి అంతా అర్థమైంది. అప్పలనర్సమ్మ చెప్పినట్టే జరిగింది. తను నోరు విప్పకపోతే చాలు, తప్పు ఎప్పటికీ బయటపడదు. ఈయన మాత్రం ఇక మీద ప్రతి పొద్దునా తన కళ్లు సగమే వచ్చాయనుకుంటూ లేస్తాడు. ఫాతిమా నాలుగడుగులు ముందుకొచ్చింది.

"మావయ్యా, జోడు తియ్యకండి. మీ కళ్లు బాగున్నాయి. అక్కడ రాతే లేదు."

మొదలుపెట్టాక ఆగలేదు. తెల్ల సంచి, నది, పొయ్యి, అత్తతో ఆడిన అబద్ధం, అన్నీ చెప్పేసింది. "అడక్కుండా చేసేను" అని మదీనాబీ కాళ్ల దగ్గర చూస్తూ ముగించింది.

సైదా సాహెబ్ పెట్టె తెరిచి జోడు మళ్లీ పెట్టుకున్నాడు. కింద పడున్న పాత పేపరు ముక్క తీసుకుని దీపం దగ్గర పట్టుకున్నాడు.

"తలనొప్పి... నడుంనొప్పి... ఒక్క పూటలో... మాయం. నకిలీలు చూసి... మోసపోకండి." తలెత్తాడు. "ఒరే ఉస్మాన్, చీమంత అక్షరాలురా! చదివేనురా!"

నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి జోడు వెనక నుంచి నీళ్లు కారాయి. ఆ నీళ్లు నవ్వువో మరేమిటివో చెప్పడం కష్టం, ఎందుకంటే నవ్వు ఆగాక కూడా ఆయన అరచెయ్యి చాలాసేపు ఆ నీలం మరక మీదే ఉంది. వాల్తేరు వరండా, చల్లారిన పాలు, బోర్లా పడుకుని కాళ్లాడించే పిల్లాడు, అన్నీ ఆ రాతలోనే ఉండేవి. అది పోయింది. పోయినందుకు బాధ పడ్డాడు, దాచుకోలేదు కూడా.

తర్వాత అడిగాడు. "నీళ్లలోంచి ఎవడు తీసేడు?"

"సత్తార్ చాచా. నిండా మునిగేరు. టోపీ తేలింది."

"సత్తారా! టోపీ తేలిందా!" లావుపాటి పోలీసు బొమ్మ మీద వేలు పెట్టాడు. "ఉస్మాన్, సిరాబుడ్డీ కలమూ తే. ఇకనుంచి వీడి పేరు సత్తార్. రేపు వాడే వచ్చి కూర్చుని వింటాడు." పేజీ చివరికి వచ్చి, పాత అలవాటు ప్రకారం ఆఖరి గడి మీద చెయ్యి కప్పాడు. భార్య కేసి చూశాడు. "ఈ పేజీలో తప్పు చేసింది కోడలు. తీర్పు నీది మదీనా. చెప్పా, కొండా?"

మదీనాబీ కోడలి కోసుకుపోయిన చేతుల కేసి, గోడకి తగిలించిన చిరిగిన బుర్కా కేసి చూసింది. లోపలికి వెళ్లింది. ఫాతిమా తల వంచుకుని నిలబడే ఉంది. వంటింట్లో గిన్నెల చప్పుడయింది.

ఆవిడ పెద్ద పళ్లెం పట్టుకుని వచ్చింది. మెదిపిన దుంపల కొండ మీంచి ఇంకా పొగలొస్తున్నాయి, కబాబులు నిటారుగా గుచ్చి ఉన్నాయి. భర్తకి పెట్టలేదు, కొడుక్కి పెట్టలేదు. తీసుకొచ్చి ఫాతిమా ముందు పెట్టి, "కూచుని తిను" అంది.